కొండెక్కాల్సిన పరిశోధన

నీరు, గాలి, మట్టి మనిషికి చేసే చెరుపును తెలుగునేల మీద శాస్త్రం వెతకడం మొదలై తొంభై ఏళ్లు కావస్తోంది. ఇన్నేళ్లూ ఒకటే వరస: ముందు ఊరు మంచాన పడుతుంది, ఆనక పరిశోధకులు వస్తారు.

1937లో వైద్య పరిశోధకుడు షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో వెన్ను బిగుసుకుపోయిన మనుషులను పరీక్షించి, తాగేనీటిలోని ఫ్లోరైడే కారణమని తేల్చింది. నల్లగొండలో చిక్కు మరింత ముదిరింది. మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే కొత్త వైకల్యం గురించి 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’లో రాశారు. నాగార్జునసాగర్ కట్టాక భూగర్భజలం పైకొచ్చి, జొన్నల్లో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగిని హరిస్తోందన్న వాదన ఆ తర్వాత బలపడింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించింది.

తూర్పు కనుమల దిగువన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు చెడిపోతుంటే సిలికాను, భారలోహాలను, పురుగుమందులను, ఎండలో చాకిరీని అనుమానించారు. ఏదీ ఖాయం కాలేదు. అక్కడి పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023లో గానీ రాలేదు.

మరి అరకు? గాలికొండ, రక్తకొండల బాక్సైట్‌పై పోరు ప్రధానంగా భూమి, అడవి హక్కుల చుట్టూ నడిచింది. 1997 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు గనుల లీజులకు అడ్డుకట్ట వేసింది. చింతపల్లి అడవుల్లో తవ్వకాలకు 2015లో ఇచ్చిన జీవో 97ను 2019లో రద్దు చేశారు. సరిహద్దు అవతల ఒడిశాలోని దామన్‌జోడిలో మాత్రం 1980ల నుంచీ నాల్కో బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికిస్తూనే ఉంది. అల్యూమినా తీయగా మిగిలేది ఘాటైన క్షారం ఉన్న ఎర్రమడ్డి.

ముప్పు గని నుంచే కాదు, గని లేని గూడెంలోనూ పొగ ఉంది. చలికి రాత్రంతా ఇంట్లోనే కుంపటి రాజుతుంది. అటక మీది విత్తనాలకు పురుగు పట్టనివ్వని ఆ పొగే, కింద పడుకున్న పసిబిడ్డ ఊపిరిలోకీ పోతుంది. వంటింటి పొగపై 2004లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనం నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాలది. మన్యం అందులో లేదు.

కొండలను తవ్వక ముందే ఊటనీటిని, గోస్తని నదిని, పిల్లల ఊపిరితిత్తులను కొలవాలి. ఫలితాలను గ్రామసభలో చదివి వినిపించాలి. గోస్తని నీరు తాటిపూడి జలాశయం మీదుగా విశాఖకూ చేరుతుంది కనుక ఇది కొండవాళ్ల గొడవ మాత్రమే కాదు. నేటి లెక్క చేతిలో లేకపోతే, రేపు జబ్బు వచ్చినప్పుడు ఏం మారిందో చెప్పగలవాళ్లుండరు. ఉద్దానంలో జరిగింది అదే.