చివరి పెట్టె దాటిందా? – ప్రతులు తీయడం, సరిచూడడం: ఒక చరిత్ర

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపడనవసరం లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచీ ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ పట్టణానికి ఒక అంచున ప్రేమ్ బజార్ ఉంది. దానిని ఆనుకుని ఉన్నది 1951లో ప్రారంభమైన మన దేశపు మొదటి ఐఐటి. ఒకవైపు రైళ్లు, మరొకవైపు కంప్యూటర్లు. ఈ వ్యాసంలో చెప్పబోయే విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండూ మనకు ఉపయోగపడతాయి.

రైలు స్టేషను దాటుతున్నప్పుడు ఆఖరి పెట్టె వెనుక ఎప్పుడైనా చూశారా? పగలైతే 'ఎల్.వి.' అని రాసిన పలక, రాత్రి అయితే ఎర్రదీపం కనిపిస్తుంది. 'ఇదే ఆఖరి పెట్టె' అని వాటి అర్థం. ఇంజను వచ్చినంత మాత్రాన రైలు వచ్చినట్లు కాదు. దారిలో కొన్ని పెట్టెలు ఊడిపోయి పట్టాలమీదే నిలిచిపోయి ఉండవచ్చు. అందుకే ఆఖరి పెట్టె గుర్తును కళ్లారా చూసిన తరువాతే ఆ మార్గం ఖాళీ అయిందని స్టేషను సిబ్బంది నిర్ధారిస్తారు. ఇప్పుడు చాలా చోట్ల ఈ పనిని యాక్సిల్ కౌంటర్ అనే పరికరం చేస్తున్నది. ఒక మార్గంలోకి వెళ్లిన ఇరుసులెన్ని, బయటికి వచ్చిన ఇరుసులెన్ని అని అది లెక్కిస్తుంది. రెండూ సమానమైతేనే మార్గం ఖాళీ.

మన కంప్యూటరులోని ఫైళ్లను దూరాన ఉన్న మరొక కంప్యూటరుకు ప్రతి తీసి పంపేటప్పుడు కూడా సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పంపడం మొదలైంది, నిజమే. మరి ఆఖరి పెట్టె చేరిందా? మనుషులు ఈ ప్రశ్నను ఏయే కాలాల్లో ఎలా ఎదుర్కొన్నారో చూద్దాం.

తాళపత్రాల కాలం

తాటాకు శాశ్వతమైనది కాదు. మన వాతావరణంలో తేమ, పురుగులు, చెదలు దానిని తినివేస్తాయి. అందువల్ల ఒక గ్రంథం బతకాలంటే ఒకే మార్గం: పాత ప్రతి శిథిలం కాకముందే కొత్త ప్రతి రాయించడం. నేడు మనం చదువుకుంటున్న ప్రాచీన కావ్యాలన్నీ ఇలా చేతులు మారుతూ వచ్చినవే. అయితే ప్రతి రాసినప్పుడల్లా పొరపాట్లు దొర్లుతాయి. ఒక అక్షరం మారుతుంది, ఒక పాదం జారిపోతుంది. ఆ తప్పుల ప్రతినుంచి తీసిన ప్రతిలో ఆ తప్పులూ ఉంటాయి, కొత్తవీ చేరతాయి.

1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ సమస్యను బాగా గుర్తించాడు. ఆయన ఒక గ్రంథానికి ఒకే ప్రతితో తృప్తిపడలేదు. దొరికినన్ని ప్రతులు సేకరించి, పండితులకు తన సొంత డబ్బుతో జీతాలిచ్చి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూసే ఏర్పాటు చేశాడు. పాఠాలు ఎక్కడ తేడాగా ఉన్నాయో గుర్తింపజేసి, పరిష్కరించిన ప్రతిని కాగితంమీద శుభ్రంగా రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఇలాగే ప్రచురించాడు. ఆయన సేకరించిన రాతప్రతులు మద్రాసు చేరి, తరువాత అక్కడి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో భాగమయ్యాయి. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది.

ఇక్కడ రెండు పనులున్నాయని గమనించండి. ఒకటి ప్రతి తీయడం. రెండవది ఆ ప్రతిని సరిచూడడం. యంత్రాలు వచ్చాక మొదటి పని చాలా సులువైంది. రెండవ పనికి మాత్రం కొత్త ఉపాయాలు కావలసి వచ్చాయి.

మారినది మాత్రమే పంపడం

మీ వద్ద 100 గిగాబైట్ల ఫైళ్లున్నాయనుకోండి. సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో పంపితే ఎంతసేపు పడుతుంది? ఒక బైటులో 8 బిట్లు. 100 గిగాబైట్లంటే 8 లక్షల మెగాబిట్లు. అంటే 80,000 సెకన్లు, సుమారు 22 గంటలు! రేపు ఒక పుట మార్చితే మళ్లీ 22 గంటలు పంపాలా?

1996లో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకెరస్ దీనికి చక్కని పరిష్కారం కనుగొన్నారు. వారు రాసిన ప్రోగ్రాము పేరు 'ఆర్‌సింక్'. అది పాత ప్రతిని చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కకు ఒక గుర్తింపు సంఖ్యను లెక్కిస్తుంది. ఆ సంఖ్యలను మాత్రమే ఇవతలి కంప్యూటరుకు పంపుతుంది. ఇవతల కొత్త ఫైలులో అవే సంఖ్యలున్న ముక్కలు కనిపిస్తే వాటిని పంపనవసరం లేదు. తేడా ఉన్న భాగాలు పంపితే చాలు.

ఇందులో ఒక చిక్కుంది. ఫైలు మొదట్లో ఒక్క అక్షరం చేరిస్తే మిగిలినవన్నీ ఒక స్థానం పక్కకు జరుగుతాయి. అప్పుడు ఏ ముక్కా పాత ముక్కతో సరిపోదు. కనుక ప్రతి స్థానంనుంచీ ఒక ముక్కను తీసుకుని సంఖ్య లెక్కించాలి. ఇది చాలా శ్రమ కదా! ఉపాయం చూడండి. 3, 1, 4, 1, 5 అనే అంకెలున్నాయి. మొదటి నాలుగింటి మొత్తం 9. ఒక స్థానం జరిగితే మళ్లీ నాలుగూ కూడనక్కరలేదు. వెళ్లిపోయిన 3ను తీసివేసి, వచ్చిన 5ను కలిపితే 11. ఆర్‌సింక్ వాడినది దీనికి కొంత మెరుగైన రూపం. అయితే వేర్వేరు ముక్కలకు ఒకే మొత్తం రావచ్చు. అందుకని మొత్తం కలిసిన చోట మరింత బలమైన రెండవ గుర్తింపు సంఖ్యతో పోల్చి చూస్తారు. బ్రౌన్ పండితులు కళ్లతో చేసిన పనిని ఇక్కడ గణితం చేస్తున్నదన్నమాట.

మేఘాలలో గిడ్డంగులు

2006 మార్చిలో అమెజాన్ కంపెనీ 'ఎస్3' అనే సేవను ప్రారంభించింది. ఫైళ్లను దాచుకునే చోటును విద్యుత్తులాగా వాడుకున్నంతకే డబ్బు చెల్లించి తీసుకునే పద్ధతి దీనితో బాగా వ్యాపించింది. దీనినే 'క్లౌడ్' నిల్వ అంటున్నారు. పేరు మేఘమైనా, ఉండేది నేలమీదే. ఎక్కడో ఒక భవనంలో వరుసలుగా పేర్చిన డిస్కులే అవి.

ఒక ఫోల్డరును ఇలాంటి చోటికి నిత్యం ప్రతి తీసే ఏర్పాటులో మెట్లు కొన్నే. ఏ ఫోల్డరో నిర్ణయించాలి. ప్రోగ్రాముకు ఆ పనికి సరిపడే అనుమతి మాత్రమే ఇవ్వాలి. మొదటిసారి అన్నింటినీ పంపాలి. ఆ తరువాత నిర్ణీత వేళకు మారినవాటిని పంపాలి. ఫైలు ఇంకా రాయబడుతుండగా దానిని ప్రతి తీస్తే సగం పాత, సగం కొత్త కలిసిన ప్రతి వస్తుంది. కనుక పని ముగిసిన ఫైళ్లనే ఎంచుకోవాలి.

ఒక విషయంలో చాలామంది పొరబడతారు. రెండు చోట్లా ఒకే రూపం ఉండేట్లు చేయడం వేరు, భద్రపరచడం వేరు. మీరు పొరపాటున ఇక్కడ ఒక ఫైలును చెరిపివేస్తే, మొదటి పద్ధతిలో అక్కడ కూడా అది చెరిగిపోతుంది. ప్రతి నమ్మకంగా తప్పును కూడా అనుసరిస్తుంది! అందుకే పాత రూపాలను కొంతకాలం ఉంచే ఏర్పాటు కూడా చేసుకోవాలి. ఎస్3లో ఈ వసతి 2010లో వచ్చింది.

తెలుగు పుస్తకాల ప్రయాణం

ఈ చరిత్రలో తెలుగువారికి బాగా దగ్గరైన ఘట్టం ఒకటుంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ బహుమతిని పంచుకున్నారు. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ ఉచితంగా అందించాలన్న పథకానికి ఆయన ముఖ్య సారథి. భారత్, చైనా, ఈజిప్టు సంస్థలు అందులో పాల్గొన్నాయి. మన దేశంలో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ఐఐఐటి ప్రధాన పాత్ర వహించాయి. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' వెబ్‌సైటును ప్రారంభించారు. మొత్తం పథకంలో స్కాన్ అయిన పుస్తకాలు 15 లక్షలు దాటాయని 2007లో ప్రకటించారు. వాటిలో వేలాది తెలుగు పుస్తకాలున్నాయి. మళ్లీ అచ్చుకాని నవలలు, శతకాలు, శాస్త్ర గ్రంథాలు పల్లెటూరి విద్యార్థికి కూడా అందాయి.

కొన్నేళ్లకు ఆ వెబ్‌సైటు తరచుగా అందకుండా పోసాగింది. కాపీరైటు ప్రశ్నలు కూడా తోడయ్యాయి. చివరికి అది పాఠకులకు దూరమైంది. అయినా ఆ పుస్తకాలు మనకు ఎలా మిగిలాయి? అమెరికాకు చెందిన కార్ల్ మలమూద్ నడిపే ఒక స్వచ్ఛంద సంస్థ వాటిలో సుమారు నాలుగు లక్షల పుస్తకాలను ప్రతి తీసి, శాన్‌ఫ్రాన్సిస్కోలోని 'ఇంటర్నెట్ ఆర్కైవ్'లో చేర్చింది. నేడు అక్కడ ఒక పాత తెలుగు పుస్తకాన్ని తెరిస్తే దాని గుర్తింపు పేరు 'ఇన్.ఎర్నెట్.డిఎల్ఐ.2015' అని మొదలవుతుంది. మన దేశపు విద్యా పరిశోధనా నెట్‌వర్కు పేరు ఎర్నెట్. మూలం ఎక్కడుండేదో ప్రతి ఇంకా చెబుతూనే ఉందన్నమాట.

ఇక్కడ కూడా తాళపత్రాల సూత్రమే వర్తించింది. స్కాన్ చేసేటప్పుడు జారిపోయిన పుట ప్రతిలోనూ లేదు. తప్పుగా నమోదైన పేరు ప్రతిలోనూ తప్పే. తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో వింతగా రాయబడి ఉండడంవల్ల వెదికినా దొరికేవి కావు. ఇక ఆ ప్రతి కూడా అమరం కాదు. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌పై సైబర్ దాడి జరిగి, వెబ్‌సైటు కొన్ని రోజులు మూతపడింది. పుస్తకాలు మాత్రం క్షేమంగా బయటపడ్డాయి.

గంట మోగలేదు కాబట్టి అంతా క్షేమమేనా?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపివేశాడు. సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలాయి. ప్రతిరోజూ క్లౌడ్‌కు ప్రతి వెళ్లే ఏర్పాటు ఉంది కదా అని వెళ్లి చూస్తే అక్కడ ఏమీ లేదు! ప్రతి తీసే ప్రోగ్రాము వెర్షను, డేటాబేసు వెర్షను వేరు కావడంతో ఆ పని విఫలమవుతూ వచ్చింది. విఫలమైనట్లు తెలిపే ఉత్తరాలను మెయిల్ సర్వరు తిరస్కరించింది. అదృష్టవశాత్తు, ఆరు గంటల క్రితం మరొక అవసరానికి చేతితో తీసిన ప్రతి ఒకటి ఉంది. దానితో కోలుకున్నారు. ఆ ఆరు గంటల మార్పులు పోయాయి. ఆ కంపెనీ ఏదీ దాచకుండా జరిగినదంతా ప్రకటించింది కనుకనే మనకీ పాఠం దొరికింది.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ సమాచార కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్లను దాచుకునే క్లౌడ్‌లో 858 టెరాబైట్లు కాలిపోయాయి. పరిమాణం చాలా పెద్దదన్న కారణంతో దానికి బయట మరొక ప్రతి ఉంచలేదు. క్లౌడ్‌లో ఉంచినా ఒకేచోట ఉంచితే అది ఒకే ప్రతి.

ఈ రెండు ఘటనలనుంచి పర్యవేక్షణ సూత్రాలు తేలికగా తయారుచేసుకోవచ్చు. ఇక్కడ ఎన్ని ఫైళ్లు, అక్కడ ఎన్ని? ఇక్కడ ఎన్ని బైట్లు, అక్కడ ఎన్ని? ఇది ఇరుసుల లెక్క. చివరిసారి పని విజయవంతంగా ముగిసినది ఎప్పుడు? ఇది ఆఖరి పెట్టె గుర్తు. తప్పు జరిగితే కబురు రావాలనుకోవడం చాలదు, ఎందుకంటే ఆ కబురే దారిలో ఆగిపోవచ్చు. పని జరిగినట్లు కబురు రాకపోతే గంట మోగేట్లు ఏర్పాటు చేయాలి. పక్క స్టేషను నుంచి జవాబు రానంతవరకు మార్గం ఖాళీ అనుకోని స్టేషను మాస్టరు పద్ధతి ఇదే.

మీరే చేసి చూడండి

రెండు ఫైళ్లు ఒకటేనా అని తెలుసుకోవడానికి 'షా-256' అనే గుర్తింపు సంఖ్యను చాలా కంప్యూటర్లలో లెక్కించవచ్చు. ఒక వ్యాసం టైపు చేసి దాని సంఖ్య లెక్కించండి. అందులో ఒక్క కామా తీసివేసి మళ్లీ లెక్కించండి. సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఇప్పుడు మీ ముఖ్యమైన ఫోల్డరును వేరే చోటికి ప్రతి తీసి రెండు వైపులా సంఖ్యలు పోల్చండి. ఆ తరువాత అసలు పరీక్ష: అక్కడి ప్రతిని వెనక్కి తెచ్చి, తెరిచి, చదవండి. వెనక్కి తెచ్చి చదవనిదే ప్రతి పనికివస్తుందని చెప్పలేం.

మనం బయలుదేరిన ప్రేమ్ బజార్ పక్కనే, ఐఐటి ఖరగ్‌పూర్‌లో 'నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' రూపొందింది. 2018 జూన్ 19న దానిని జాతికి అంకితం చేశారు. అది ముఖ్యంగా ఒక గొప్ప సూచిక. ఎన్నో సంస్థల వద్ద ఉన్న పుస్తకాల వివరాలను ఒకచోట చేర్చి మనకు దారి చూపుతుంది. దారి చివర పుస్తకం ఉండాలంటే మాత్రం ఆయా సంస్థల్లో ఎవరో ఒకరు ప్రతి తీసి ఉండాలి, అది ఇంకా సరిగా ఉందో లేదో నిన్నో మొన్నో చూసి ఉండాలి. ఆనాడు కడపలో పండితులు చేసిన ఆ పని ఇంకా అవసరంగానే ఉంది. మీలో కొందరు రేపు దానిని చేపట్టవలసినవారే.