అంబాసిడర్ టాంకూ, సీసం కళాయీ

ఆఫీసులో మెమరీ లీకులు వెతికే నాకు మొన్న ఊరెళ్తే అసలు లీకే ఎదురైంది. నాన్న పాత అంబాసిడర్ వెనక, నేల మీద పెట్రోలు మడుగు! "ఎం-సీల్ పెట్టేద్దాం" అన్నాను. రేడియేటర్లు అతికే మేస్త్రీ నవ్వి, "లోపలి తుప్పు సంగతేంటి బాబూ?" అన్నాడు.

ఆ కాలంలో కార్ల టాంకులు ఎక్కువగా టెర్న్ రేకుతో చేసేవారు. అంటే ఉక్కు రేకుకి సీసం, తగరం కలిపిన పూత. మన ఇత్తడి గిన్నెల కళాయికి చుట్టమే అన్నమాట. దానివల్ల తుప్పు ఆలస్యమవుతుంది, పైగా టంకం ఇట్టే పట్టేస్తుంది. చిల్లు పడితే బిందెకి వేసినట్టే మాటు వేయొచ్చు.

కాకపోతే నిండు టాంకు కంటే ఖాళీ టాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం ఉంటే, చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే మేస్త్రీ టాంకు విప్పి, వేడినీళ్ళతో పదేపదే కడిగి, చిల్లు దాకా నీళ్ళు నింపాడు. మంట దూరంగా పెట్టి, కాల్చిన రాగి కడ్డీతో అతికాడు.

1921లో మిడ్గ్లీ కనిపెట్టిన సీసం పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది. పీడా పోయింది, పిల్లల రక్తంలోకి చేరే విషమది. యూరప్ చట్టం 2003 నుంచి కొత్త కార్లలోనూ సీసాన్ని కట్టడి చేసింది, దాంతో టెర్న్ రేకుకీ కాలం చెల్లింది. ఇప్పుడేమో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రేకుకి పడదు.

మేస్త్రీ కొడుకు హైదరాబాదులో టెస్టింగ్ చేస్తున్నాట్ట. నాన్న మాత్రం అప్పుడే తాళాలు తీసుకుని బయల్దేరారు.