ఆగని నీలం

మా ల్యాబులో పొద్దు గడిచేది రంగుల మీదే. కొలెస్టరాల్‌కి పచ్చ, బిలిరుబిన్‌కి ఊదా, ఫాస్ఫరస్‌కి నీలం. 1979లో కోస్తాలో ఒక బోధనాసుపత్రి బయోకెమిస్ట్రీ విభాగంలో టెక్నీషియన్‌గా చేరాను. మొదటి వారమే మా సీనియర్ మేష్టారు ఒక గోధుమరంగు సీసా నా చేతిలో పెట్టి, "దీనికి వెలుతురు తగలనివ్వకమ్మా, పాడైపోతుంది. సుబ్బారావుగారి మందు ఇది" అన్నారు. చీటీ మీద ‘ఆన్సా’ అని ఉంది. సుబ్బారావుగారంటే పై అంతస్తులో కూర్చునే ప్రొఫెసరెవరో అనుకుని, సీసా అడుగంటగానే ఆయన్ని అడగడానికి మెట్లెక్కబోయాను. ఆ మాట చెప్పి నా పదవీ విరమణ సభలో కూడా నవ్వారు.

ఆన్సా అంటే అమినో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆసిడ్. సీరంలో టీసీఏ (ట్రైక్లోరో అసిటిక్ ఆసిడ్) పోస్తే మాంసకృత్తులు నిమ్మరసం పిండిన పాలలా విరిగిపోతాయి. వడగట్టిన తేటలో ఆమ్లం కలిపిన మాలిబ్డేట్ ద్రావణం, ఆపైన కొంచెం ఆన్సా. అయిదు నిమిషాల్లో గొట్టంలోకి నీలం దిగుతుంది. ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత నీలం. పక్కన లెక్క తెలిసిన స్టాండర్డ్ ఒకటి, ఏమీ లేని బ్లాంక్ ఒకటి. మూడూ వరసగా కలరీమీటర్‌లో పెట్టి ఎర్ర ఫిల్టర్‌తో చూడాలి. నీలి ద్రావణం మింగేది ఎర్ర వెలుగునే కాబట్టి, అదెంత తగ్గిందో చూస్తే నీలమెంతో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి 100 మిల్లీలీటర్ల సీరంలో రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీగ్రాములు. టీసీఏ ఒలికితే వేళ్ల చివర్లు తెల్లగా కాలేవి. మా వాళ్లందరి చేతులూ అలాగే ఉండేవి.

ఒకరోజు బ్లాంక్ నీలంగా మారింది. ఏమీ లేని గొట్టంలో నీలమెక్కడిది? మాలిబ్డేట్ కొత్తగా కలిపాను, మళ్లీ నీలమే. నీళ్లు మార్చాను, మళ్లీ నీలమే. మేష్టారు గొట్టాన్ని వెలుగుకెత్తి చూసి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లారు. కొత్తగా వచ్చిన అటెండరు పాపం భక్తిశ్రద్ధలతో గొట్టాలన్నీ బట్టల సబ్బుపొడితో తోముతున్నాడు. ఆ పొడిలో ఫాస్ఫేటు ఉంది. "తప్పు లెక్క వచ్చినప్పుడు పారబొయ్యకు, అదేం చెబుతోందో అడుగు" అన్నారు మేష్టారు. సుబ్బారావుగారు కూడా అలా అడిగే పైకొచ్చారని నాకు చాలా ఏళ్లకి గాని తెలియలేదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు తొడుక్కుని శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ రావలసినచోట ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. తోబుట్టువులిద్దర్ని స్ప్రూ అనే పేగుజబ్బు పొట్టన పెట్టుకుంది. 1923లో బోస్టన్ చేరారు. రాత్రిళ్లు ఆసుపత్రిలో మలమూత్రాల పళ్లేలు కడిగే కూలి పని, పగలు హార్వర్డ్‌లో చదువు. ఇదంతా మన పత్రికల్లో చాలాసార్లు వచ్చిన కథే. చివర్న ‘నోబెల్ ఇవ్వలేదు’ అని ఒక నిట్టూర్పుతో ముగుస్తుంది. ఆ నిట్టూర్పు నాకు నచ్చదు. ఆయన చేసిన పనేమిటో ఎవరూ చెప్పకపోవడం వల్లే మనకి నిట్టూర్పు ఒక్కటే మిగిలిందనిపిస్తుంది.

అప్పట్లో హార్వర్డ్ బయోకెమిస్ట్రీకి పెద్ద ఆటో ఫోలిన్. రక్తంలో ఏముందో రంగుతో కొలవడం ఆయన తెచ్చిన ఒరవడి. అక్కడే సైరస్ ఫిస్క్ దగ్గర సుబ్బారావు చేరారు. ఫాస్ఫేటుకి నీలం రప్పించడం అంతకు ముందే ఉంది. 1920లో బెల్, డోయిజీ అనే ఇద్దరు హైడ్రోక్వినోన్‌తో రప్పించారు. ఆ రంగుకి నిలకడ తక్కువ. ఫిస్క్, సుబ్బారావు హైడ్రోక్వినోన్ స్థానంలో ఆన్సాని తెచ్చారు. 1925 డిసెంబరులో వచ్చిన వాళ్ల వ్యాసం 26 పేజీలు. మా మేడమ్ జిరాక్స్ తెప్పిస్తే ఓపిగ్గా చదివాను. బజారులో దొరికే ఆన్సాని ఎలా శుద్ధి చెయ్యాలో కూడా వదలకుండా రాశారు. ఊరగాయ పెట్టడం కోడలికి నేర్పే అత్తగారి ఓర్పు ఉంది అందులో.

అప్పటికి మేం వాడిన కలరీమీటర్ లాంటిది లేదు. డుబాస్క్ యంత్రం ఉండేది. రెండు గాజు గిన్నెలు, పైన ఒకే కంటి రంధ్రం, అందులో గుండ్రటి బిళ్ల సగం సగం. ఒక సగంలో తెలిసిన నీలం, ఇంకో సగంలో తెలియని నీలం. రెండూ ఒకటయ్యేదాకా గిన్నెని పైకీ కిందికీ జరపాలి. కొలిచేది మనిషి కన్నే. అన్ని గంటలు ఆ రంధ్రంలో కన్ను పెట్టి కూర్చున్నవాడికే తర్వాతి సంగతి తగిలింది.

కండరం నుంచి తీసిన తేటని ఈ పద్ధతిలో పరీక్షించినప్పుడు నీలం మాట వినలేదు. స్టాండర్డ్ అయిదు నిమిషాల్లో తన నీలానికి తాను చేరి ఆగింది. కండరం గొట్టం మాత్రం మొదట వెలవెలబోయి, తర్వాత నెమ్మదిగా ముదురుతూ పోయింది. నాలాంటి వాళ్లయితే ఆన్సా పాతబడిందని కొత్తది కలిపేవాళ్లం. వాళ్లు దాన్ని నిమిషాల లెక్కన కొలిచారు. ఫాస్ఫేటు దేనికో అతుక్కుని ఉండి, ఆమ్లమూ మాలిబ్డేటూ తగిలాక కొంచెం కొంచెంగా ఊడివస్తోందని తేల్చారు. అది అతుక్కుని ఉన్నది క్రియాటిన్‌కి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ‘సైన్స్’ పత్రికలో వేసిన వ్యాసానికి పెట్టిన పేరులో ‘అకర్బన ఫాస్ఫేటు’ అన్న మాటని కొటేషన్లలో పెట్టారు. మీరంతా ఇన్నాళ్లూ అలా అనుకున్నారు చూడండి అన్నట్టు! సరిగ్గా అదే సమయానికి ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఈ పదార్థం అంచుకి చేరి, ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు.

కండరం ముడుచుకోవడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని అప్పటికి గట్టి నమ్మకం. దాని మీద పనిచేసిన హిల్, మేయర్‌హోఫ్‌లకి 1922 నోబెల్ కూడా వచ్చింది. ఫాస్ఫేటు వైపు చూపు తిప్పింది ఈ నీలం. రెండేళ్లకే, 1929లో, ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది వేరుచేశాడు. ఇప్పుడు పదో తరగతి పిల్లలు కణానికి డబ్బు లాంటిదని బట్టీపట్టే ఏటీపీ అదే.

నీలం ఇంకో దారిలో సముద్రంలోకి కూడా దిగింది. ప్లిమత్‌లో ఆట్కిన్స్ 1923లోనే డెనిజె పద్ధతితో సముద్రజలంలో ఫాస్ఫేటు కొలిచాడు. అక్కడ ఆన్సా లేదు, వేరే రసాయనాలు. అయితేనేం, గొట్టంలో తేలేది అదే మాలిబ్డినం నీలం. పైనీటిలో ఉన్న ఫాస్ఫేటుని నాచుజీవులు తినేస్తాయి. చచ్చిన జీవరాశితో పాటు అది అడుగుకి దిగిపోతుంది. గాలులు ఒడ్డునీటిని బయటికి తోసినచోట అడుగునీళ్లు పైకొచ్చి, ఫాస్ఫేటు తెచ్చి, చేపలకి విందు పెడతాయి. 1950లలో యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, విశాఖ తీరంలో వసంతకాలంలో ఇలా నీళ్లు పైకి లేస్తాయని చూపించాడు. మా చుట్టాలబ్బాయి అక్కడ మెరైన్ బయాలజీ చదివేటప్పుడు ఒక సెలవుల్లో, "అత్తా, మీరు రక్తంలో చూసే నీలాన్నే మేం సముద్రంలో చూస్తాం" అన్నాడు. వాళ్లు ఆన్సా బదులు విటమిన్ సీ వాడతారట. 1962లో మర్ఫీ, రైలీ చేసిన మార్పు అది. మా మందు వాసన లేకుండానే పని కానిచ్చేస్తారని కాస్త ఈర్ష్య పడ్డాను.

సుబ్బారావుగారి రెండో రంగు పసుపు. 1940లో హార్వర్డ్ వదిలి లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. అంతకు ముందే బొంబాయిలో లూసీ విల్స్ గర్భిణుల రక్తహీనతకి మార్మైట్ పెట్టి నయం చేసి, 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులోని గుణమేమిటో అందరూ వెదుకుతున్నారు. సుబ్బారావుగారి బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం, పసుపు పచ్చని పొడి. తోబుట్టువుల్ని తీసుకుపోయిన స్ప్రూకి కూడా మందే.

బోస్టన్‌లో పిల్లల వ్యాధుల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ ఆ కోవ మందుల్ని లుకేమియా పిల్లలకి ఇస్తే జబ్బు ముదిరినట్టు కనిపించింది. ఈ ఫలితాన్ని కూడా పారబొయ్యలేదు. పెంచేది ఇదైతే, దీన్ని ఆపేది కావాలి అన్నాడు. లెడర్లీలో ఫోలిక్ ఆమ్లాన్ని ఒక్క మూల మార్చి అమినాప్టెరిన్ చేశారు. అచ్చం చుట్టంలా వచ్చి బంతిలో కూర్చుని, ఆకు ముందు నుంచి లేవకుండా అసలు చుట్టాన్ని పస్తుంచే రకం. 1948 జూన్‌లో ఫార్బర్ లెక్క ప్రకటించాడు: 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్లపాటు జబ్బు వెనక్కి తగ్గింది. కొన్నాళ్లే. కానీ అంతకు ముందు ఆ కొన్నాళ్లు కూడా లేవు. ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే పోయారు, 53 ఏళ్లకి. అమినాప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ లుకేమియాలోనూ, కీళ్లవాతంలోనూ వాడుకలో ఉంది. మా ఆసుపత్రి క్యాన్సరు వార్డు వైపు వెళ్లినప్పుడు ఆ చిన్న పసుపు సీసాలు చూసి ఒక్క క్షణం ఆగేదాన్ని. నర్సులు ఏదో వెదుక్కుంటున్నాననుకునేవారు.

నా ఉద్యోగం చివరి పదేళ్లలో, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చే నమూనాలు పెరిగాయి. మూత్రపిండాలు చెడితే ఫాస్ఫేటు బయటికి పోదు. ఆ సీరాలు గొట్టంలో దాదాపు సిరాలా ముదిరేవి. మీటర్ కొలత దాటిపోతే పలచన చేసి మళ్లీ చూసేదాన్ని. జీడితోటల నుంచి, కొబ్బరితోటల నుంచి వచ్చిన మనుషులు కిటికీ బయట నిలబడి, "ఎంతొచ్చిందమ్మా?" అనేవాళ్లు. నీలం చూసిన దాన్ని నేను అంకె చెప్పడానికి కొంచెం సమయం తీసుకునేదాన్ని.

తర్వాత ఆటో అనలైజర్ వచ్చింది. అందులోనూ మాలిబ్డేటే. కానీ నీలం దాకా రానివ్వదు, కంటికి కనిపించని అతినీలలోహితంలో, 340 నానోమీటర్ల దగ్గర చదివేసి అంకె ముద్రిస్తుంది. నీలం విద్యార్థుల ప్రాక్టికల్స్‌కే మిగిలింది. నేను రిటైరయ్యే వారం, కొత్తగా చేరిన అమ్మాయి ఆన్సా కలిపే విధానం రాసివ్వమంది. నోటు పుస్తకంలో తూకాలన్నీ రాశాను, గోధుమరంగు సీసా సంగతి రాశాను. చివర్న ‘గొట్టాలు సబ్బుపొడితో కడగవద్దు’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను.