గుడ్‌విల్ ఇండస్ట్రీస్: పాత బట్టల రాబడి, పని నేర్పే బడి

జనం వద్దనుకుని ఇచ్చేసిన బట్టలూ సామాన్లూ అమ్మి, ఆ డబ్బుతో ఉపాధి దొరకనివారికి పని నేర్పించే అమెరికా సేవాసంస్థ గుడ్‌విల్ ఇండస్ట్రీస్. 1902లో బోస్టన్‌లోని ఒక చర్చిలో మొదలైంది. ఇప్పుడు అమెరికా, కెనడాలలో మూడు వేలకు పైగా దుకాణాలు నడుపుతోంది. పై చదువులకు అక్కడికి వెళ్లే తెలుగు విద్యార్థుల్లో చాలామందికి ఇది మొదటి చలికాలంలో చవగ్గా కోటు దొరికే చోటు. ఆ కోటు కోసం బల్ల మీద పెట్టిన డాలర్లు ఎవరికి, ఏ మేరకు చేరుతున్నాయన్న ప్రశ్న మాత్రం సంస్థను నూట ఇరవై ఏళ్లుగా వెంటాడుతూనే ఉంది.

స్థాపకుడు ఎడ్గర్ జేమ్స్ హెల్మ్స్ (1863–1942) మెథడిస్టు పాస్టరు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో మతశాస్త్రం చదువుకుని, 1895లో ఆ నగరంలోని సౌత్ ఎండ్ పేటలో మోర్గన్ చాపెల్ బాధ్యతలు తీసుకున్నారు. పేట నిండా ఐరోపా నుంచి వలస వచ్చిన కుటుంబాలు. వాళ్లకు భాష రాదు. పని దొరికినా కూలి కడుపు నింపేది కాదు. హెల్మ్స్ గోనెసంచి పట్టుకుని సంపన్నుల వీధుల్లో తిరిగి పాత బట్టలు, చెప్పులు, విరిగిన కుర్చీలు అడిగి తెచ్చేవారు. మొదట వాటిని ఊరికే పంచారు. అయితే ఊరికే తీసుకోవడం చాలామందికి నామోషీ అనిపించింది. కొద్దిపాటి ధర పెట్టగానే పరిస్థితి మారింది. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు తలెత్తుకుని వెళ్లారు.

అసలు మలుపు అక్కడే ఉంది. చిరిగిన బట్టను అమ్మాలంటే ముందు ఎవరో కుట్టాలి, విరిగిన కుర్చీకి ఎవరో కాలు బిగించాలి. ఆ పనిని పేటలోని నిరుద్యోగులకే అప్పగించి, అమ్మకాల మీద వచ్చిన డబ్బుతో వాళ్లకు కూలి ఇచ్చారు. సామాను దానంగా వచ్చింది. కూలి మాత్రం కష్టార్జితం. ‘దానం కాదు, అవకాశం’ అన్న అర్థం వచ్చే నినాదం అప్పటి నుంచే సంస్థతో ఉంది. ఇంటింటికీ ఇవ్వడానికి కాఫీ గింజల ఖాళీ సంచులు విరాళంగా దొరికేవి. ఇంటివాళ్లు వాటిని నింపి ఉంచితే బండి వచ్చి తీసుకెళ్లేది.

1915లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి ఇలాంటి పనే చేస్తున్న ఒక బృందం బోస్టన్ వచ్చి ఈ పద్ధతి చూసి వెళ్లింది. గుడ్‌విల్ అన్న పేరు పుట్టింది ఆ బ్రూక్లిన్‌వాళ్ల దగ్గరే. హెల్మ్స్‌కు అది నచ్చడంతో సంస్థ మొత్తానికీ స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో మెథడిస్టు చర్చి నిధులు సమకూర్చడంతో మిగతా నగరాలకూ పాకింది.

పాకిన తీరు గమనించదగ్గది. ఏ ఊరి గుడ్‌విల్ ఆ ఊరి సంస్థే. దాని పాలకమండలి వేరు, లెక్కల పుస్తకం వేరు, ఆస్తులూ అప్పులూ వేరు. మేరీలాండ్ రాష్ట్రం రాక్‌విల్‌లోని ప్రధాన కార్యాలయం పేరు వాడుకోవడానికి అనుమతిస్తుంది, ప్రమాణాలు నిర్దేశిస్తుంది, సభ్యత్వ రుసుము వసూలు చేస్తుంది. ఇలాంటి స్థానిక సంస్థలు ఇప్పుడు నూటయాభై దాకా ఉన్నాయి. కాబట్టి గుడ్‌విల్ లాభం ఎంత, అధిపతి జీతం ఎంత అని అడిగితే ఒక్క జవాబు ఉండదు. ఒక ఊళ్లో బాగా నడిచే సంస్థ, మరో ఊళ్లో దివాలా తీసే సంస్థ ఒకే బోర్డు కింద ఉంటాయి.

1930ల ఆర్థిక మాంద్యంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే పని దొరకలేదు. అందరికంటే వెనకబడినవారు వికలాంగులని గుర్తించి సంస్థ తన దృష్టిని క్రమంగా వాళ్ల వైపు తిప్పింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గాయపడి తిరిగొచ్చిన సైనికులు కూడా చేరారు. 1938లో వచ్చిన రెండు చట్టాలు తర్వాతి కథను నిర్ణయించాయి. మొదటిది కార్మికుల కనీస వేతన చట్టం. అందులోని 14(సి) నిబంధన, వైకల్యం వల్ల ఉత్పాదకత తగ్గిన కార్మికులకు కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడానికి ధ్రువపత్రం మీద అనుమతించింది. రెండోది అంధులు తయారుచేసిన వస్తువులను ప్రభుత్వం కొనాలన్న వాగ్నర్–ఓడే చట్టం. 1971లో సెనేటర్ జాకబ్ జావిట్స్ చొరవతో అది తీవ్ర వైకల్యం ఉన్న ఇతరులకూ వర్తించింది. దాంతో ప్రభుత్వ భవనాల శుభ్రత, సైనిక భోజనశాలల నిర్వహణ, ప్యాకింగ్ వంటి కాంట్రాక్టులు గుడ్‌విల్ సంస్థలకు మరో ఆదాయ మార్గమయ్యాయి.

అయినా ప్రధానమైన రాబడి దుకాణాలదే. 2010ల మధ్య నాటికే అన్ని స్థానిక సంస్థల మొత్తం వార్షికాదాయం 500 కోట్ల డాలర్లు దాటింది, అందులో సింహభాగం పాత సామాన్ల అమ్మకాలదే. విరాళాల చెక్కుల మీద, ప్రభుత్వ గ్రాంట్ల మీద బతికే సేవాసంస్థలకు ఇది అందని స్వేచ్ఛ. ఏ శిక్షణ ఇవ్వాలో దాత చెప్పడు, సంస్థే నిర్ణయించుకుంటుంది.

దుకాణం వెనక జరిగే పని బయటికి కనిపించదు. వచ్చిన సంచులు విప్పి, పనికొచ్చేవి ఏరి, ధర చీటీ అంటిస్తారు. చాలా ఊళ్లలో చీటీలకు వారానికో రంగు. కొన్ని వారాలు గడిచినా అమ్ముడుపోని రంగుకు ధర సగం చేస్తారు. అప్పటికీ మిగిలితే ‘ఔట్‌లెట్’కు వెళ్తాయి. అక్కడ పెద్ద తొట్లలో పోసి తూకానికి అమ్ముతారు. ఆఖరికి మిగిలిన బట్టలను బేళ్లు కట్టి టోకు వర్తకులకు ఇస్తారు. అమెరికా పాత బట్టల అంతర్జాతీయ వ్యాపారంలో గుజరాత్‌లోని కాండ్లా, ఉన్ని బట్టలు చించి తిరిగి దారం తీసే హర్యానాలోని పానిపట్ పేరున్న మజిలీలు. విలువైన వస్తువుల దారి వేరు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ గుడ్‌విల్ 1999లో మొదలుపెట్టిన షాప్‌గుడ్‌విల్ అనే ఆన్‌లైన్ వేలంలో వాటిని పెడతారు.

ఈ లెక్కలో ఖర్చు వైపు కూడా చూడాలి. దాత పెట్టే ప్రతి సంచీ సొమ్ము కాదు. విరిగిన బొమ్మలు, తడిసిన పరుపులు వస్తే వాటిని చెత్తకు తరలించడానికి సంస్థే చెల్లించాలి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని ఒక్క గుడ్‌విల్ సంస్థకే ఆ ఖర్చు ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటిందని 2021లో వార్తలొచ్చాయి. పనికిరాని వస్తువు ఇచ్చిన దాత, తెలియకుండానే ఒకరి శిక్షణ డబ్బును చెత్తబండికి కట్టబెడుతున్నాడు. 2020 వసంతంలో కోవిడ్ వల్ల దుకాణాలు మూతపడినప్పుడు మరో బలహీనత బయటపడింది. అమ్మకాలు ఆగిన రోజే శిక్షణకు డబ్బు ఆగింది, ఎందరో సిబ్బందిని వేతనం లేని సెలవుపై పంపాల్సి వచ్చింది.

మన దేశంలో గుడ్‌విల్ ఆలోచనకు దగ్గరగా వచ్చేది 1999లో ఢిల్లీలో అంశు గుప్తా నెలకొల్పిన గూంజ్. గుడ్‌విల్ పాత బట్టను డబ్బుగా మార్చి శిక్షణకు వాడుతుంది. గూంజ్ ఊరి చెరువు తవ్వినవాళ్లకు, దారి బాగుచేసినవాళ్లకు ఆ బట్టనే ప్రతిఫలంగా ఇస్తుంది. ఊరికే ఇస్తే పుచ్చుకునేవాడి మర్యాద తగ్గుతుందన్న గ్రహింపు మాత్రం ఇద్దరిదీ.

శిక్షణ విషయానికొస్తే, మొదట్లో కుట్టుపని, చెప్పుల మరమ్మతు, వడ్రంగం నేర్పినవాళ్లు ఇప్పుడు కంప్యూటర్లు, గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ నడపడం, ఆసుపత్రుల్లో నర్సింగ్ సహాయకుల పని నేర్పుతున్నారు. వచ్చేవాళ్లు కూడా మారారు. జైలు నుంచి విడుదలైనవారు, ప్రభుత్వ సాయం మీద ఆధారపడిన తల్లులు, 55 ఏళ్లు దాటి ఉద్యోగం పోయినవారు ఇందులో ఉంటారు. 2017లో గూగుల్ దాతృత్వ విభాగం డిజిటల్ నైపుణ్యాల కోసం కోటి డాలర్లు ఇచ్చింది. అయితే తరగతి ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదని ఈ రంగంలో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. ఇంటర్వ్యూకు వేసుకెళ్లే చొక్కా, బస్సు ఖర్చు, పసిబిడ్డను చూసుకునే మనిషి, వీటిలో ఏది లేకపోయినా నేర్చుకున్నదంతా వృథా.

ఈ సంగతిని నూటికి నూరుపాళ్లూ పట్టించుకున్న ప్రయోగం ఎక్సెల్ సెంటర్. మధ్య ఇండియానా గుడ్‌విల్ 2010లో ఇండియానాపోలిస్‌లో తెరిచిన ఈ బడి, హైస్కూలు మధ్యలో మానేసిన పెద్దల కోసం. ఫీజు లేదు. చిన్నపిల్లలను చూసుకునే ఏర్పాటు బడిలోనే ఉంటుంది. చేతికొచ్చేది సమానార్హత పత్రం కాదు, అసలైన హైస్కూలు డిప్లొమా. దాంతోపాటు ఏదో ఒక వృత్తి ధ్రువపత్రం కూడా. దీని ఖర్చులో ఎక్కువ భాగం ఇండియానా ప్రభుత్వమే భరిస్తుంది. దుకాణాల రాబడితో మొదలైన సంస్థ ఇక్కడ ప్రభుత్వాన్నీ కలుపుకుంది. తర్వాత ఆస్టిన్, మెంఫిస్, వాషింగ్టన్ నగరాల్లోనూ ఇలాంటి బడులు వచ్చాయి. గుడ్‌విల్ చరిత్రలో హెల్మ్స్ ఆలోచనకు ఇంత న్యాయం చేసినవి తక్కువ.

మరోవైపు మచ్చలూ ఉన్నాయి. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ గుడ్‌విల్ అధిపతికి 2004లో ఎనిమిది లక్షల డాలర్లకు మించి జీతభత్యాలు ముట్టాయి. రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ తర్వాత అవి తగ్గాయి. 2016లో ఒమహా నగర దినపత్రిక స్థానిక గుడ్‌విల్ పెద్దల జీతాలపై వరుస కథనాలు రాశాక అక్కడి అధిపతి వైదొలగారు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు ప్రధాన అధికారుల జీతాలను ఏటా బహిరంగంగా వెల్లడించాలన్న అమెరికా నిబంధనే లేకపోతే ఈ సంగతులు బయటికి వచ్చేవి కావు. అదే ఏడాది జనవరిలో టొరంటో గుడ్‌విల్ ఒక్కసారిగా 16 దుకాణాలు మూసేసింది. నాలుగు వందలకు పైగా ఉద్యోగులు వీధిన పడ్డారు. మరికొన్ని వారాలకే సంస్థ దివాలా ప్రకటించింది.

అన్నిటికన్నా లోతైన గాయం 14(సి). పెన్సిల్వేనియాలో గుడ్‌విల్ కార్మికుల్లో కొందరికి గంటకు 22 సెంట్లే ముట్టిందని 2013లో ఎన్‌బీసీ టీవీ వెల్లడించింది. అప్పటి సమాఖ్య కనీస వేతనం 7.25 డాలర్లు. ఆ సమయంలో రాక్‌విల్ ప్రధాన కార్యాలయ అధిపతి జిమ్ గిబ్బన్స్. చూపు లేని ఆయన హార్వర్డ్‌లో ఎంబీఏ చదివి, అంధుల ఉపాధి సంస్థను నడిపి ఇక్కడికి వచ్చారు. ఈ మినహాయింపు లేకపోతే తీవ్ర వైకల్యం ఉన్నవారికి పనే దొరకదని గుడ్‌విల్ వాదించింది. వికలాంగుల హక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. పెద్దల జీతాలు లక్షల్లో ఉన్న చోట ఆ వాదన నిలవడం కష్టమే. 2015లో న్యూ హాంప్‌షైర్ ఈ తక్కువ వేతనాన్ని నిషేధించిన మొదటి రాష్ట్రమైంది. మరుసటి ఏడాది మేరీలాండ్ కూడా దశలవారీగా ఎత్తివేసేలా చట్టం చేసింది. సమాఖ్య చట్టంలో నిబంధన అలాగే ఉన్నా, దాన్ని వాడుకోవడం మానేసి పూర్తి వేతనం చెల్లిస్తున్న స్థానిక గుడ్‌విల్ సంస్థలూ ఉన్నాయి.