చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్

హైదరాబాదులో మూసీకి ఉత్తరాన, హుస్సేన్‌సాగర్‌కు దిగువన ఒకదానినొకటి ఆనుకొని ఉన్న మూడు పేటలివి. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దిలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ నిండినప్పుడు అలుగు (అదనపు నీరు పొర్లిపోవడానికి చెరువుకట్టకు కట్టే రాతి కట్టడం) దాటిన నీరు అశోక్‌నగర్ పక్కనున్న నాలాగుండా సాగి, నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా మూసీలో కలుస్తుంది. చిక్కడపల్లి పేరు దక్కనీలో బురద అనే అర్థమున్న ‘చిక్కడ్’ నుంచి వచ్చిందని ఒక వాడుక ఉంది. 2000 ఆగస్టు వానలకు నాలా పొంగి చుట్టుపక్కల ఇళ్లు మునిగినప్పుడు ఈ పల్లపు నేల ఆ వాడుకకు తానే సాక్ష్యం పలికింది.

1591లో మూసీకి దక్షిణాన వెలసిన రాజధానికి చాలాకాలం ఇవి శివార్లే. 1908 సెప్టెంబరు వరద పాతనగరాన్ని ముంచెత్తాక, 1912లో ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరాభివృద్ధి సంస్థ, ఏర్పడి ఊరి రూపురేఖలు మార్చింది. అయితే ఈ ప్రాంతానికి గుర్తింపు తెచ్చినవి మేడలకన్నా బడులే. ఉర్దూ అధికార భాషగా ఉన్న నిజాం రాజ్యంలో, ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో స్థాపించిన బాలికల పాఠశాల నారాయణగూడలో స్థిరపడింది. మాడపాటి తర్వాత 1951లో నగర మేయరయ్యారు. కేశవరావు కోరట్కర్ స్మారకంగా 1940లో మొదలైన విద్యాసంస్థ, 1954 నాటి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల కూడా ఇక్కడే ఉన్నాయి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారడంతో కోస్తా, సీమ జిల్లాల ఉద్యోగులు కుటుంబాలతో నగరానికి తరలివచ్చారు. అలా పెరిగిన నగరంలో 1966లో వెలసిన త్యాగరాయ గానసభ చిక్కడపల్లిని సంగీత, సాహిత్య సభలకు, నాటకాలకు నెలవు చేయగా, పక్కనున్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమాహాళ్ల కూడలిగా పేరుపడింది.

1980ల తరువాత పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు పెరిగి, అశోక్‌నగర్ రూపు మారింది. గ్రూప్స్ (రాష్ట్ర సర్వీసు కమిషన్ నిర్వహించే గ్రూప్-1, 2 తదితర పరీక్షలు) రాయడానికి జిల్లాల నుంచి వచ్చినవారు ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటారు. జిరాక్స్ దుకాణాల ముందు నోట్సుల కట్టలు పేర్చి ఉంటాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు దొరకనివారు ఆవరణలోని చెట్ల కింద కుర్చీ వేసుకుని చదువుతారు. పరీక్షల తేదీలపై వివాదం రేగితే ఇక్కడి వీధులే ధర్నాస్థలాలవుతాయి. 2023లో, 2024లో అదే జరిగింది. నిజాం నాడు కొలువు భాష రానివారికి బడి కట్టిన పేట, నేడు కొలువు కోసం చదివేవారికి అద్దె గదిగా మారిందనడం అతిశయోక్తి కాదు.

2020 ఫిబ్రవరి 7న మెట్రో మార్గం తెరుచుకోగా చిక్కడపల్లి, నారాయణగూడలకు స్టేషన్లు వచ్చాయి. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ కూడలి వరకు ఉక్కు వంతెన ప్రారంభమైంది. అది మెట్రో వంతెనకు కూడా పైనుంచి సాగుతుంది.