పేరంటపల్లి ధార

ఇంటి చుట్టూ గోదారే ఉన్నా, మా మామ్మ పాపికొండలు వెళ్లినప్పుడల్లా మరచెంబు నిండా నీళ్లు మోసుకొచ్చేది. ‘ఇది గోదారి కాదర్రా, కొండ ఇచ్చిన నీళ్లు’ అంటూ తలా ఒక ఉద్ధరిణెడు అరచేతిలో పోసేది. పేరంటపల్లిలోని మునివాటం ఆశ్రమం ధార అది.

లాంచీ దిగి, ఇసుక దాటి, మెట్లెక్కితే చెట్ల నీడలో శివాలయం. బాలానంద స్వామి అక్కడి గిరిజనులైన కొండరెడ్లను కలుపుకుని నిలబెట్టిన చోటు. పక్కనే కొండ మీంచి దిగే సన్నటి ధార, నడివేసవిలోనూ ఆగేది కాదు. చెట్ల వేళ్లనూ మూలికలనూ ఒరుసుకుంటూ వస్తుంది గనక ఒంటికి మంచిదని నమ్మకం. దోసిలి పట్టినవాళ్ల మోచేతుల మీంచి నీళ్లు కారుతుండగానే కిందనుంచి లాంచీ హారన్ తొందరపెట్టేది. దారిలో కొండరెడ్లు వెదురుతో చెక్కిన పూలు అమ్మేవారు. రాత్రి ఉండిపోయేవాళ్లకు కొల్లూరు ఇసుకతిన్నెల మీద వెదురు గుడిసెలు. కార్తీకం వచ్చిందంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట జనం తెల్లారకముందే బయల్దేరేవారు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదారి వరద మీదుంది. కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగిపోయింది. 77 మందిలో 26 మందే ఒడ్డెక్కారు. వశిష్ఠ మా రాజోలు పక్కన పారే పాయ పేరు. ఆ పేరు పెట్టుకున్న బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి లాగింది. విహారపు లాంచీలు చాలాకాలం రేవుల్లోనే ఉండిపోయాయి. 2021 నవంబరులో మళ్లీ కదిలాయి గానీ, ఎక్కేవాళ్ల గుండెలో మునుపటి నిబ్బరం లేదు.

ఈలోగా దిగువన పోలవరం ఆనకట్ట లేస్తోంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71 అడుగులు దాటింది. పైన వేలేరుపాడు మండలాన్ని ముంచిన గోదారే కిందికొచ్చి మా లంకల్లోని ఇళ్లలో దూరింది. 2014లో ఆంధ్రలో కలిసిన ఆ మండలంలోదే పేరంటపల్లి. పోలవరం ముంపు ఊళ్లలో అదీ ఒకటి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు.

ఆనకట్ట ఎందుకని అడిగే నోరు మాకు లేదు. ధవళేశ్వరంలో కాటన్ దొర గోదారికి అడ్డం కట్టబట్టే మా పొలాలు పండాయి, మా కంచాల్లోకి అన్నం వచ్చింది. ఇప్పుడు కొండ వదిలి పునరావాస కాలనీలకు పోవలసింది మాత్రం కొండరెడ్లు.

ధార ఎండిపోలేదు. జలాశయం నిండిన నాడూ కొండ తన మానాన నీళ్లు వదులుతూనే ఉంటుంది. కాకపోతే పట్టడానికి దోసిలి ఉండదు. మామ్మ మాట ఆ రోజుతో చెల్లిపోతుంది. అప్పుడది కూడా గోదారే.