ఫోర్ట్ బెన్నింగ్ సైనిక రైలుమార్గము

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని జార్జియా రాష్ట్రమున, కొలంబస్ నగరమునకు దక్షిణముగా, చట్టహూచీ నదీతీరమున నెలకొన్న బెన్నింగ్ సైనిక శిబిరములో 1920వ దశకము ఆరంభమునుండి 1946 వరకు నడచిన నారోగేజి రైలుమార్గమిది. పట్టాల నడిమి యెడము సుమారు 60 సెంటీమీటర్లు. మార్గముల మొత్తము నిడివి దాదాపు 27 మైళ్లు. పదాతిదళ పాఠశాలలో శిక్షణ పొందువారిని నివాసములనుండి దూరముననున్న గురి మైదానములకును, అభ్యాస స్థలములకును చేర్చుట దీని ముఖ్యకార్యము.

ఈ మార్గమునకు మూలము ఫ్రాన్సు దేశపు పొలములలో నున్నది. 1875 ప్రాంతమున పాల్ డెకోవిల్ అను ఫ్రెంచి పారిశ్రామికుడు, తన బీటుదుంపల పంటను బురద నేలలనుండి తరలించుటకై, స్లీపర్లతో ముందుగనే బిగించిన తేలికపాటి పట్టాల తునకలను నేలపై పరచి, పని తీరినంతనే ఎత్తి వేరొకచోటికి మోసికొనిపోవు పద్ధతిని రూపొందించెను. ప్రోస్పెర్ పెషో అను ఫిరంగిదళాధికారి ఈ పద్ధతిలోని సైనిక ప్రయోజనమును గుర్తించి, కోటలకు ఫిరంగులను, గుండ్లను చేరవేయుటకు దానిని అనువుపరచగా, 1888లో ఫ్రెంచి సైన్యము 60 సెంటీమీటర్ల గేజిని స్వీకరించెను.

మొదటి ప్రపంచ యుద్ధమున, పెద్ద రైళ్లు శత్రువు ఫిరంగుల కందని దూరముననే నిలిచిపోవలసివచ్చుటచేతను, లారీలు బురదలో కూరుకొనిపోవుటచేతను, కందకములకు ఆహారమును, మందుగుండును చేర్చు భారము ఈ చిన్న పట్టాలపై పడెను. 1917లో యుద్ధమున ప్రవేశించిన అమెరికా, ఈ గేజికై బాల్డ్విన్, డావెన్‌పోర్ట్ మొదలగు కర్మాగారములలో ఇంజన్లు చేయించెను. నడుమ మూడు జతల చోదక చక్రములును, ముందు వెనుకల ఒక్కొక్క జత చిన్న చక్రములును గలవి యగుటచే, త్రిప్పనక్కరలేకయే అవి రెండు దిక్కులకును సాఫీగా సాగగలిగెను. 1918 నవంబరులో యుద్ధము ముగియుటతో పెక్కు ఇంజన్లు సముద్రము దాటకయే స్వదేశమున నిలిచిపోయెను.

సరిగా అదే కాలమున, 1918 అక్టోబరులో, బెన్నింగ్ శిబిరము వెలసెను. 1922లో అది ఫోర్ట్ హోదా పొందెను. చక్కని రోడ్లు లేని ఆ విశాల భూభాగమున, కందకముల కొరకు చేయించి మిగిలిపోయిన ఈ రైలే సైనిక విద్యార్థుల వాహనమాయెను. జార్జి మార్షల్ అను సైనికాధికారి 1927 నుండి 1932 వరకు పాఠశాలకు సహాయాధిపతిగా నుండి యుద్ధ బోధనను సంస్కరించిన దినములలోను, 1940లో అమెరికా సైన్యపు తొలి పారాచూటు దళమునకు అచ్చట పరీక్షలు జరిగిన కాలమునను ఈ బండ్లు నడచుచునే యుండెను. మోటారు వాహనములును, వాటికి తగిన రోడ్లును సమృద్ధమైన పిదప 1946లో ఇవి విశ్రమించెను. ఒక ఇంజను కొన్ని పెట్టెలతో శిబిరమున స్మారకముగా భద్రపరుపబడినది.

ఈ రైలుమార్గపు ఘనత దాని తేలికదనమే. నేలను తనకనుగుణముగా మార్చుమని కోరక, తానే నేలకు ఒదిగిన మార్గమిది. ఇదే గేజికి బ్రిటిషు సైన్యము చేయించుకొన్న బాల్డ్విన్ ఇంజన్లు కొన్ని యుద్ధానంతరము భారతదేశమునకు వచ్చి, ఉత్తరాది చక్కెర మిల్లులలో చెరకు బండ్లను లాగినవి. చక్కెర దుంపల పొలమున పుట్టి, యుద్ధభూమిని దాటి, చెరకు తోటలను చేరిన ఈ సాధనము, పోరు ముగియగనే తిరిగి పంటకు ఊడిగము చేయగలిగినది.